అప్పకు వినబడే హార్మోనియం

మామిడి పూత రాలి పిందె కట్టే రోజుల్లో మా ఊరి నాటకానికి పట్నం యోగం పట్టింది. ఉగాది తర్వాత కేజీఎఫ్‌లో జరిగే ఉత్సవంలో ఆడమని పిలుపు వచ్చింది. కామసముద్రం చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు దాటి మా నాటకం ఎన్నడూ పోలేదు. రాజు వేషం కట్టే సొన్నప్ప మామ ఆ రోజు నుంచి నేల మీద నడవడం మానేశాడు. డెయిరీలో పాలు కొలిచేటప్పుడు కూడా కిరీటం పెట్టుకున్నవాడిలాగే మాట్లాడేవాడు.

ఒక్కటే మెలిక. ఆ ఉత్సవంలో మైకులూ కీబోర్డూ అన్నీ వాళ్ళవే. ఏ ఊరి నాటకానికైనా రాబర్ట్‌సన్‌పేట కేశవమూర్తే కీబోర్డు వాయిస్తాడు. ఊరి మేష్ట్రు హార్మోనియం దాని పక్కన కూర్చోవాలి. మా ఊరి మేష్ట్రు మా అప్ప, అంటే మా నాన్న, ఆవులప్ప. రెండు ఆవులూ, కాస్త రాగిచేనూ, పిడికెడు మామిడి చెట్లూ ఉన్న రైతు. కేజీఎఫ్ బంగారు గని మూతపడేదాకా షాఫ్టులో డ్రిల్లింగు పని చేసి, ఆ తర్వాత ఊరికి వచ్చి, ఇరవై ఏళ్ళ పైమాటగా నాటకం నేర్పుతున్నాడు. మా ఊళ్ళో పద్యం పాడే ప్రతి గొంతూ ఆయన హార్మోనియం పక్కన కూర్చుని తయారైనదే.

ఒక ఆదివారం సాయంత్రం కేశవమూర్తి కీబోర్డు మోసుకుని మా తాలీముకు, అంటే నాటకం సాధనకు, వచ్చాడు. డెయిరీ మీది హాల్లో చాపలు పరిచారు. ఆ రోజు నాకు వారపు సెలవు. మాకు దగ్గర్లోని నరసాపురంలో మోటారు బండ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం నాది. మిగిలిన టైములో లాప్‌టాపు ముందేసుకుని ఊళ్ళవాళ్ళ దేవుడి పాటలకు సంగీతం కట్టి ఇస్తుంటాను. "నీకు ఈ డబ్బాల సంగతి తెలుసు గదా చైత్రా, వచ్చి కూర్చో" అని సొన్నప్ప మామ నన్నూ పిలిచాడు.

ప్రార్థన బాగానే జరిగింది. తర్వాత సొన్నప్ప మామ రాజు ప్రవేశ పద్యం ఎత్తుకున్నాడు. ఆ పద్యం చివర గొంతు పై సా కు ఎక్కి అక్కడే నిలబడాలి. ఈలలు పడేది అక్కడే. మామ గొంతు ఎక్కింది. అప్ప హార్మోనియం ఆయనతో పాటే ఎక్కింది. కేశవమూర్తి కీబోర్డూ ఎక్కింది.

గరిటతో అడుగంటిన గిన్నె గీకినట్టు రెండు పై సాలు ఒకదాన్నొకటి గీకుతున్నాయి. మద్దెల వాయించేవాడు కూడా చెయ్యి ఆపేసి చూశాడు.

కేశవమూర్తి మెల్లగా అన్నాడు. "మేష్ట్రూ, మీ హార్మోనియం పైన ఎక్కువైపోయింది సార్."

"ఎక్కువ కాలేదు. నీ డబ్బా దిగింది" అన్నాడు అప్ప తలెత్తకుండా.

"ఇది మిషన్ సార్. దిగేది ఎక్కేది ఉండదు."

"అట్లనా? ఇన్నేండ్లుగా ఇంతమంది గొంతులు తప్పు, నీ మిషన్ ఒకటే రైటా?"

మళ్ళీ పట్టారు. మళ్ళీ అదే. హాల్లో ఉన్నవాళ్ళందరూ కేశవమూర్తి వైపు గుర్రుగా చూశారు. అందరి గొంతులూ అప్ప వైపే ఉన్నప్పుడు తప్పు కీబోర్డుది కాక ఇంకెవరిదవుతుంది? నేను మాత్రం చున్నీ చాటున ఫోను తెరిచి, స్వరం కొలిచే యాప్ పెట్టి చూశాను. హార్మోనియం కింది స్వరాలు నిక్కచ్చిగా ఉన్నాయి. పై స్థాయిలోకి వెళ్ళేకొద్దీ ఒక్కో మెట్టూ ఉండాల్సిన దానికంటే కొంచెం కొంచెం ఎక్కుతూ పోయింది. ఫోను ఆపేసి ఎవరూ చూడలేదు గదా అని అటూ ఇటూ చూశాను.

పోయేముందు సొన్నప్ప మామ తీర్పు చెప్పేశాడు. "మేష్ట్రూ, కోపం చేసుకోవద్దు. ఉగాదికి ముందే ఇది తేలాల. రెండూ కలవకపోతే ఒకటి ఇంటికాడ ఉండాల. కీబోర్డు ఉత్సవం వాళ్ళది, దాన్ని ఆపేది మన చేతిలో లేదు."

అంటే ఏది ఇంటి దగ్గర ఉండాలో చెప్పకనే చెప్పినట్టు. అప్ప హార్మోనియం మూత వేసి, గుడ్డ కప్పి, మెట్లు దిగిపోయాడు.

ప్రతి ఏడూ దసరాకు ఆయుధ పూజ ముందు అప్ప హార్మోనియం విప్పుతాడు. లోపలి ఇత్తడి రేకులు తుడిచి, ఒక్కోదాన్నీ పలికించి చూసి, దిగిపోయిందనిపించినదాన్ని బ్లేడుతో కొస దగ్గర గీకుతాడు. కొస పలచబడితే స్వరం ఎక్కుతుంది. చిన్నప్పుడు పక్కనే కూర్చునేదాన్ని. ఇత్తడి పొడి ఆయన పంచె మీద మెరుస్తుండేది. గీకేది ఎప్పుడూ పై రేకులనే. "ఇవి ఊరికూరికే దిగిపోతాయమ్మా" అనేవాడు. రేకులు దిగలేదు. డ్రిల్లింగు మిషన్ పట్టిన ఆయన చెవే దిగింది. ఏడాదికి వెంట్రుకవాసి గీకాడు, ఊరంతా ఆ వెంట్రుకవాసి ఆయనతో పాటు ఎక్కింది. పక్కన పెట్టి పోల్చడానికి మా నాటకంలో ఇంకో శ్రుతి పెట్టె లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మర్నాడు అమ్మ ఆవులకు తవుడు కలుపుతుంటే అడిగాను. "అమ్మా, అప్పకు చెవులు సరిగ్గా వినపడవా?"

అమ్మ చెయ్యి ఆగలేదు. "కుడి పక్క నిలబడి మాట్లాడు. వినపడతాది."

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"నీకు యాలమ్మా అది? మేష్ట్రుకు చెవుడంట అంటే ఊర్లో ఎవురన్నా ఆయప్ప కాడ కూర్చుని నేర్చుకుంటారా? నోరు మూసుకో" అంది. అప్పుడు గమనించాను. అన్నం పెట్టేటప్పుడు, చేనికి పోయేటప్పుడు, చివరికి పోట్లాడేటప్పుడు కూడా మా అమ్మ అక్కయమ్మ ఆయనకు కుడి పక్కే ఉంటుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అంతే. నేనే ఎన్నడూ దాన్ని పట్టించుకోలేదు.

నమ్మబుద్ధి కాక నేనే ఒక పరీక్ష పెట్టాను. "కొత్త హెడ్‌ఫోన్లప్పా, ఒక తూరి పెట్టుకుని చూడు. చప్పుడు వచ్చినప్పుడల్లా వేలెత్తు" అన్నాను. ఆయన అరుగు మీద బుద్ధిగా కూర్చున్నాడు. కింది చప్పుళ్ళకు వేలెత్తాడు. పైవాటికీ ఎత్తాడు. ఇంకా పైకి పోయాను, ఎత్తాడు. కుక్కలకు తప్ప మనుషులకు పట్టని చోటికి పోయినా ఎత్తాడు. అనుమానం వచ్చి చప్పుడు పూర్తిగా ఆపేసి ఉత్తినే మీట నొక్కాను. వేలు లేచింది. ఆయన చూస్తున్నది నా చేతిని.

"బాగుండాదమ్మా నీ మిషన్" అని హెడ్‌ఫోన్లు తీసి నా ఒళ్ళో పెట్టి, ఆవులను తోలుకుని పోయాడు. నేను లాప్‌టాపు మూసి అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆయన చెవిటితనానికి కాదు. నా ముందు అంత జాగ్రత్తగా, అంత మర్యాదగా అబద్ధం ఆడినందుకు.

ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ వచ్చి పడింది. కొత్తగా వచ్చిన సింథసైజరు అది. మామూలు కీబోర్డులో చప్పుడు వండిపెట్టి ఉంటుంది. ఇందులో మనమే కట్టుకోవాలి. ఏ వాద్యమైనా ఒక్క స్వరం పలికినప్పుడు వినిపించేది నిజానికి ఒక్కటి కాదు. అడుగున ఒక లావుపాటి స్వరం, దాని మీద సన్నవి, వాటి మీద ఇంకా సన్నవి పేర్చుకుని ఉంటాయి. ఆ పేర్పును బట్టే హార్మోనియం హార్మోనియంలా, పిల్లనగ్రోవి పిల్లనగ్రోవిలా వినపడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేర్పంతా తెర మీద నిలువు గీతలుగా నిలబడుతుంది. ఏ గీతనైనా దించవచ్చు, లేపవచ్చు, పక్కకు జరపవచ్చు. కొన్నాళ్ళు ఊరికే వాడుకోనిస్తారు. అయితే ఊరికే వాడుకునేవాళ్ళకు ఒక శిక్ష ఉంది. వాయిస్తూ వాయిస్తూ ఉండగా ఉన్నట్టుండి గొంతు నొక్కేసినట్టు ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ వస్తుంది. స్టేజీకి పనికి రావాలంటే కొనాల్సిందే.

అప్ప చేనికి పోయినప్పుడు ఆయన హార్మోనియం ఒక్కో మెట్టూ రికార్డు చేసి, దాన్ని చూసి గీతలు కట్టాను. షిఫ్టు నుంచి వచ్చిన ఒంటితో, కళ్ళు మూసుకుపోతున్నా కట్టాను. కేశవమూర్తిని పిలిపించి వినిపించాను.

"అచ్చం మేష్ట్రు పెట్టే. తప్పుతో సహా" అన్నాడు. "నా కీబోర్డులో సా జరిపితే కింది సా కూడా జరుగుతాది. దీంట్లో అట్ల కాదు. మీరు కొంటే నేను దీన్నే వాయిస్తాను మేడం. రెండూ కలుస్తాయి, గొడవ ఉండదు."

"ఎవరికీ తెలియదు గదా?"

"మీ ఊరోళ్ళకు తెలీదు. కింద కూర్చున్నోళ్ళలో చెవి ఉన్నోడు ఒకడన్నా ఉంటాడు మేడం. వాడు నవ్వుకుంటాడు." కాఫీ గ్లాసు కింద పెట్టి, "మేష్ట్రుకు చెప్పేస్తే పోలా?" అన్నాడు.

అది చెప్పగలిగితే ఇంత తిప్పలు ఎందుకు? చెబితే అప్ప ఆ పెట్టె మళ్ళీ ముట్టడు. ఆయన సంగతి నాకు తెలుసు. చెప్పకపోతే, కొనకపోతే, సొన్నప్ప మామ ఆయన్ను ఇంటి దగ్గర కూర్చోబెడతాడు. కొంటే అప్ప చోటు అప్పకు ఉంటుంది. నేను బండి కొనడానికి మొదటి కంతుగా కట్టాలని దాచుకున్న డబ్బు దానికి సరిపోతుంది. రోజంతా బండ్లు బిగించే నేను ఇంకో ఏడాది బస్సులో తిరుగుతాను, అంతే గదా?

అమ్మయితే మాట పూర్తి కానివ్వలేదు. "కొనెయ్యి. ఆయప్ప కూర్చునే జాగా ఆయప్పకు ఉండనీ. నేను ఇన్నేండ్లు కుడి పక్క నిలబడినాను. ఇంగ నువ్వూ నిలబడు."

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ కంపెనీ బస్సులో కూర్చుని ఫోనులో కార్డు నెంబరు కొట్టాను. బంగారపేట రైలు గేటు పడింది, బస్సు ఆగింది. కొను అని రాసి ఉన్న చోట వేలు పెట్టడమే మిగిలింది. పక్క సీటు అమ్మాయి నిద్రలో నా భుజం మీద వాలింది. గేటు అవతల రైలు పెట్టెలు పోతూనే ఉన్నాయి. నాకు దసరా గుర్తొచ్చింది. వచ్చే దసరాకు అప్ప మళ్ళీ బ్లేడు తీస్తాడు. పై రేకులు మళ్ళీ గీకుతాడు. నేను మళ్ళీ రికార్డు చేసి, గీతలు మళ్ళీ జరపాలి. ఆ మీదటి ఏడు మళ్ళీ. ఊరి పై సా అలా ఎక్కుతూ పోతుంటే నేను దానికి కాపలా కాస్తూ ఉండాలి. గేటు లేచింది. ఫోను సంచిలో వేసేశాను. కొంటాననీ అనుకోలేదు, కొననని కూడా అనుకోలేదు. ఉగాది మాత్రం దగ్గర పడింది.

ఇంటికి వచ్చేసరికి అప్ప అరుగు మీద నా లాప్‌టాపు ముందు కూర్చుని ఉన్నాడు, మూత తెరవకుండా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.

"ఏమ్మా, నా పెట్టెను నీ పెట్టెలో పెట్టినావంట? కేశవమూర్తి చెప్పినాడు. ఏదీ, వినిపించు."

ఇంకేం చెప్పాడో తెలియదు. ఆయనకు కుడి పక్కన కూర్చుని తెరిచాను. నేను పెట్టాలనుకున్నది ఆయన హార్మోనియమే. తొందరలో చెయ్యి జారి పక్కన కట్టి పెట్టిన అసలు శ్రుతి పై సా మోగింది. నిండుగా, గీతలన్నీ నిలబడి.

"దిగింది" అన్నాడు వెంటనే.

ఏం చెయ్యాలో తోచక పై గీతలు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాను. స్వరం సన్నబడింది. చివరికి అడుగు గీత, దాని మీద రెండు మూడు మాత్రం మిగిలాయి. అది ఇప్పుడు హార్మోనియంలా లేదు, సీసా మూతి మీద ఊదినట్టుంది.

"ఆఁ, ఇప్పుడు సరి. ఎక్కించినావా?"

అవునంటే అయిపోయేది. అనలేకపోయాను. ఒక గీత లేపాను. ఆయన ఊరుకున్నాడు. ఇంకొకటి లేపాను. ఇంకొకటి. ఒక గీత దగ్గర ఆయన మొహం ముడుచుకుంది.

"మళ్ళీ దిగింది."

దించాను.

"సరి."

ఆయన తెర దగ్గరికి వంగాడు. నా చెయ్యి పక్కకు తోసి, నాగలి పట్టిన వేలితో ఆ గీతను తనే లేపాడు. దించాడు. లేపాడు. ఎన్నిసార్లు చేశాడో. అడుగు గీత మీద రెండో చేతి వేలు ఆనించి పెట్టుకుని చూశాడు.

"ఈ కింది గీత కదల్లేదు గదా?"

"లేదప్పా."

"స్వరం అంటే ఇదే గదా?"

"అదేనప్పా."

"మరి దిగేది ఏంది?"

ఆ సన్న గీతలు చేరినప్పుడల్లా ఆయన చెవే స్వరాన్ని దించి వింటోంది. అంతలో ఆ పాడు సాఫ్ట్‌వేర్ తన శిక్ష తాను వేసింది. స్వరం టక్కున ఆగిపోయింది. అప్ప వేలు గీత మీదే ఉండిపోయింది. ఆయన నా వైపు తిరిగాడు. ఆ కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"చైత్రా, ఇప్పుడు సౌండు ఉండాదా? లేదా?"

"లేదప్పా. ఎవరికీ లేదు. కొనలేదు గదా, నడుమ నడుమ ఆగిపోతాది."

"ఓ" అన్నాడు. ఊపిరి వదిలాడు. లోపలికి పోయి హార్మోనియం తెచ్చి, గుడ్డ తీసి, పలక విప్పి, కాగితంలో చుట్టిన బ్లేడు బయటికి తీశాడు.

"అది కొనొద్దు. నా తప్పును దాచేదానికి నువ్వు బండి మానుకునేది యాల? నువ్వు విను. నేను గీకుతాను."

ఇన్నేళ్ళూ కొసన గీకిన రేకుల్ని ఇప్పుడు మొదలు దగ్గర గీకాలి. అప్పుడే స్వరం దిగుతుంది. రెండు పక్కలా పలచబడిన రేకు ఎప్పుడు పుటుక్కుమంటుందో తెలియదు. విరిగితే ఉగాదిలోపు ఇంకొకటి దొరకదు. లాప్‌టాపు అసలు స్వరం ఇస్తుంది, ఆయన తిత్తి ఊది రేకు పలికిస్తాడు, నేను ఇంకా అంటాను, ఆయన ఒక గీటు గీస్తాడు. ఇంకా. ఇంకొక గీటు. చాలు. మధ్యలో సాఫ్ట్‌వేర్ ఆగిపోయినప్పుడల్లా ఇద్దరం బొమ్మల్లా కూర్చునేవాళ్ళం. పై సా రేకుకు బ్లేడు ఆనించాడు. అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. రేకు నిలిచింది.

"ఇది నాకు పూర్తిగా తప్పుగా వినపడతాది" అన్నాడు అప్ప, పలికించి చూసి. "మంచిది. అంటే రైటన్నమాట."

మర్నాటి తాలీములో అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాడు. "నా చెవి చెడింది. మీకు పై స్వరాలు తప్పు నేర్పినాను. పై సా అది కాదు. ఇదో, ఇది." అని మెట్టు నొక్కాడు.

సొన్నప్ప మామ మొహం ఎర్రబడింది. "ఇదేం మాట మేష్ట్రూ? ఇన్నేండ్లు నేను ఈలలు కొట్టించుకున్నది తప్పుడు స్వరానికా?" నా వైపు తిరిగాడు. "పాపా, ఇదంతా నీ డబ్బా పని గదా? బాగా ఉన్న నాటకాన్ని చెడిపేస్తివి!" కండువా దులిపి వెళ్ళిపోయాడు. తర్వాత తాలీములకు రాలేదు. రాజు లేకుండా మంత్రీ రాణీ బిక్కమొహాలేసుకుని పాడారు.

అప్ప మాత్రం రోజూ పొద్దున పాలు పోయడానికి పోయినప్పుడు హార్మోనియం కూడా మోసుకుపోయేవాడు. పాలు కొలిచే బల్ల పక్కన దించి, పై సా ఒక్కటే పట్టుకుని కూర్చునేవాడు. జనం పాలు పోసి పోతుండేవాళ్ళు. సొన్నప్ప మామ విననట్టే కొలిచేవాడు. నేనూ వెంట వెళ్ళిన ఒక రోజు క్యాను మూత వేస్తూ వేస్తూ, విసుగ్గా, గొంతెత్తి ఆ సా అందుకున్నాడు. అందుకోబోయి పాత చోటికే ఎక్కాడు. నేను తల అడ్డంగా ఊపాను. అప్ప మెట్టు వదల్లేదు.

ఆ రోజు నుంచి మామ తాలీముకు వచ్చాడు. రాక రాక వచ్చినవాడు కాబట్టి అందరి మీదా అరిచాడు. అప్పకు ఏ గొంతు సరిగ్గా ఉందో తేల్చుకోవడం కుదరదు. అందుకని పై స్వరం వచ్చినప్పుడల్లా ఆయన ఓరగా నా మొహం చూసేవాడు. నేను కళ్ళు మూసి తెరిస్తే సరి, తల కదిపితే తప్పు. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను. సొన్నప్ప మామ కనిపెట్టాడు. మర్నాడు వచ్చి, ఎప్పుడూ ఎడమ పక్క కూర్చునేవాడు, చాప లాక్కుని అప్పకు కుడి పక్క కూర్చున్నాడు.

ఉగాది పోయింది. కేజీఎఫ్‌లో మా నాటకం పొద్దు వాలగానే మొదలైంది. వెనకాల గని తవ్విపోసిన బూడిదరంగు దిబ్బలు ఇంకా కనబడుతున్నాయి. స్టేజీ పక్కన అప్ప, ఆయన పక్కన కేశవమూర్తి తన మామూలు కీబోర్డుతో. నేను తెర పక్కన, అప్పకు కనబడేలా నిలబడ్డాను. రేకులు గీకినప్పటి నుంచీ ఒక సంగతి నన్ను తింటూనే ఉంది. ఈ మనిషి ఇక్కడ కూర్చుని ఆట అయ్యేదాకా తన చెవికి అపస్వరమైనదాన్ని వాయించాలి. వేలు తన చెవి మాట విని పక్క మెట్టుకు జారితే చాలు, అంతా పోతుంది.

సొన్నప్ప మామ కిరీటంతో వచ్చాడు. పద్యం ఎత్తుకున్నాడు. పద్యం చివరికి వచ్చింది. గొంతు పై సా కు ఎక్కింది. హార్మోనియం ఎక్కింది. కీబోర్డు ఎక్కింది. మూడూ కలిసి ఒక్కటే అయ్యాయి. కింద జనం ఈల వేశారు. మామ ఆ స్వరాన్ని వదలకుండా అలాగే పట్టుకున్నాడు. అప్ప మొహం మాత్రం చేదు మింగినట్టుంది. ఆయన నా వైపు చూశాడు. నేను కళ్ళు మూసి తెరిచాను. ఆయన తిత్తి ఊదుతూ పోయాడు.

ఊరికి తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో అడిగాడు. "ఎట్ల కుదిరింది?"

"బాగా కుదిరిందప్పా. అందరూ అదే మాట."

"మంచిది. నాకు మొత్తం అపస్వరమే. సొన్నప్ప పై సా అయితే పగిలిన కుండే." నవ్వాడు. టెంపోలో అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా సొన్నప్ప మామ. నేను నవ్వలేకపోయాను. ఇకమీదట ఊరికి ఆయన సరిగ్గా వాయించిన ప్రతిసారీ ఆయనకు మాత్రం తప్పే వినపడుతుంది. అలా వాయిస్తూనే ఉంటాడు. ఈ లోకంలో ఆయనకు సరిగ్గా వినపడే హార్మోనియం ఒక్కటి కూడా లేదు.

మర్నాడు బస్సులో ఏ గేటూ పడకముందే ఆ సాఫ్ట్‌వేర్ కొనేశాను.

మామిడికాయలు కోసే వారంలో నా సెలవు వచ్చింది. పొద్దున పాలు పోసి వచ్చాక అప్పను అరుగు మీద కూర్చోబెట్టి, నా చిన్న మెట్ల పలక లాప్‌టాపుకు తగిలించి ముందు పెట్టాను. ప్రతి స్వరానికీ ఆయన చెవిని తికమక పెట్టే గీతలన్నీ దించేశాను. శ్రుతి మాత్రం అసలుదే. అమ్మ లోపలి నుంచి కేకేసింది. "ఇదేంది, గోనెపట్టా కప్పి వాయించినట్టుండాది!" అమ్మ ఎడమ పక్కన ఉంది. అప్పకు వినపడలేదు.

ఆయన కింది నుంచి ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ పైకి వచ్చాడు. పై సా దగ్గర ఆగి, వేలు తీయకుండా తల వంచి కూర్చున్నాడు. చాలాసేపు. అది ఎప్పుడు ఆగిపోతుందా అని కాచుకున్నాడని నాకు అర్థమైంది.

"ఇది ఆగదా?"

"ఆగదప్పా. కొన్నాను."

"కొనొద్దంటిని గదా" అన్నాడు. వేలు మాత్రం తీయలేదు. కాసేపటికి రాజు ప్రవేశ పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నాడు. పద్యం చివర పై సా నొక్కాడు. నా మొహం కేసి చూడలేదు.